ఎదురు డబ్బిచ్చి చేసే పని: విదేశీ జంతు శరణాలయాల్లో వాలంటీర్లు

హైదరాబాదు నుంచి శ్రీశైలం పోయే దారిలో మన్ననూరు చెక్‌పోస్టు గేటు రాత్రి 9 గంటలకు పడుతుంది. మళ్లీ లేచేది ఉదయం 6 గంటలకే. రాత్రిపూట తిరిగే ప్రాణులకు ఆ కాసేపైనా రోడ్డు మీద బండ్ల అలికిడి లేకుండా చేసిన ఏర్పాటు అది. అచ్చంపేట, అమ్రాబాద్, దేవరకొండ వైపు పెరిగినవాళ్లకు ‘శాంక్చురీ’ అనగానే గుర్తొచ్చేది ఆ గేటు, ఆ వెనక నల్లమల. నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో 2,611 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకున్న అమ్రాబాద్ పులుల అభయారణ్యం. అక్కడ జంతువుకు ఎవరూ తిండి పెట్టరు, ఎవరూ ఒళ్లు నిమరరు. దాని జోలికి పోకపోవడమే మనిషి దానికి చేసే మేలు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం చెప్పే అభయారణ్యం అర్థమూ ఇంచుమించు ఇదే.

విదేశాల్లో వాలంటీర్లను పిలిచే ‘శాంక్చురీ’లు చాలావరకు ఈ కోవవి కావు. కొన్ని ఎకరాల జాగ, చుట్టూ కంచె, లోపల దొడ్లు, బోన్లు, ఒక పెద్ద వంటగది, ఒక చిన్న వైద్యశాల ఉంటాయి. సర్కసులో ఆడి ఆడి అలసిన ఏనుగు, వేటగాడు తల్లిని చంపితే మిగిలిన చింపాంజీ పిల్ల, ఎవరో ఇంట్లో గొలుసుతో కట్టి పెంచిన కోతి, ఇలా అడవి పోగొట్టుకున్న ప్రాణులు అక్కడికి చేరతాయి. వాటిలో చాలా వాటికి తిరిగి అడవికి పోయే దారి లేదు. చచ్చేదాకా వాటిని సాకాలి. తెలుగులో దీన్ని శరణాలయం అనడమే న్యాయం. అభయారణ్యం అని అనువదించుకుని, పులి అడుగుజాడలు వెతుక్కుంటూ తిరగొచ్చని ఊహించుకుని వెళ్లినవాళ్లకు చేతికి వచ్చేది చీపురు, బకెట్టు. మొదటి నిరాశ అక్కడే. రెండో ప్రమాదం అంతకంటే పెద్దది. శరణాలయం అన్న పేరుకు ఎన్నో దేశాల్లో చట్టపరమైన కట్టడి లేదు. జంతువులతో వ్యాపారం చేసేవాడు కూడా ఆ బోర్డు పెట్టుకోవచ్చు.

పాలమూరు, నల్లగొండ జనానికి ఊరు విడిచి పనికి పోవడం కొత్త కాదు. గుంపు మేస్త్రీ చేతిలో అడ్వాన్సు తీసుకుని దేశమంతా ఆనకట్టలకు, కాలువలకు మట్టి మోసిన చరిత్ర ఈ నేలది. ఆ లెక్కలో ఎంత మోసం ఉన్నా, డబ్బు పనిచేసేవాడి వైపు వచ్చేది. విదేశీ శరణాలయాల వాలంటీరు పద్ధతిలో డబ్బు పనిచేసేవాడి నుంచి అటు నడుస్తుంది. విమాన ఛార్జీలు కాక, వారానికి ఇంత అని వందల డాలర్లు కట్టి, అక్కడ పని చేయాలి. పాలమూరు యూనివర్సిటీలోనో, నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీలోనో జువాలజీ చదివే పిల్లలు ఇంట్లో ఈ మాట చెబితే, ‘పైసలు ఎదురిచ్చి పేడ తీస్తవా?’ అని అడిగే తండ్రిని తప్పుపట్టలేం. అది తెలివైన ప్రశ్న. జవాబు ఒక్కటే: ఆ డబ్బు ఎవరి నోట్లోకి పోతోందో తెలిస్తే, కట్టొచ్చో లేదో తెలుస్తుంది.

డబ్బు తీసుకోవడం దానంతట అది తప్పేమీ కాదు. పెద్ద ఏనుగు రోజుకు 100 కిలోలకు పైగా మేత తింటుంది. చింపాంజీ యాభై ఏళ్లు బతకగలదు. పాలివ్వని, దున్నని, అమ్మకూడని జీవాన్ని అంతకాలం సాకాలంటే ఎవరో ఒకరు పెట్టాలి. వాలంటీరు కట్టిన రుసుములో అతని తిండి, పడక పోగా మిగిలింది మేతకూ మందులకూ పోతే మంచిదే. చిక్కు ఎక్కడంటే, కట్టే మనిషి ఏం కోరుకుని కడుతున్నాడో అదే అక్కడ తయారవుతుంది. కట్టేవాళ్లలో ఎక్కువమంది కోరేది ఒక్కటే, పిల్ల జంతువును ఎత్తుకోవడం.

దక్షిణాఫ్రికా సింహాల సంగతి దీనికి అన్నిటికంటే విడమరిచి చెప్పాల్సిన ఉదాహరణ. అక్కడ వందల సంఖ్యలో ప్రైవేటు ఫారాల్లో వేల సింహాలు బోన్లలో పుట్టి పెరుగుతున్నాయి. అడవిలో ఆడ సింహం పిల్లలను ఏడాదిన్నర నుంచి రెండేళ్ల దాకా వెంట ఉంచుకుంటుంది, అప్పటిదాకా మళ్లీ ఈనదు. ఫారంలో పుట్టిన కొద్ది రోజులకే కూనలను తల్లి నుంచి వేరు చేస్తారు. పాలు తాగే పిల్ల లేకపోయేసరికి తల్లి త్వరగా ఎదకు వస్తుంది. ఈ లెక్క పశువులున్న ఇంట్లో ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. సింహం గర్భం మోసేది సుమారు 110 రోజులే. అలా తల్లి ఒక యంత్రమవుతుంది. విడదీసిన కూనను ‘తల్లి వదిలేసింది, అనాథ’ అని చెప్పి వాలంటీరు ఒడిలో పెడతారు. సీసాతో పాలు పట్టడం, రాత్రులు మేలుకోవడం, పక్కన పడుకోబెట్టుకోవడం వాలంటీరు పని. యూరప్ నుంచో, అమెరికా నుంచో, ఇప్పుడు మన దేశం నుంచో వచ్చిన కుర్రవాళ్లు ఎంతో ప్రేమతో, కన్నీళ్లతో ఆ పని చేస్తారు. ఆ ప్రేమ నిజమైనదే. దాని మీదే వ్యాపారం నడుస్తుంది.

కూన కొన్ని నెలలకే పంజా విసిరితే తోలు లేచేంత అవుతుంది. ఇక ఎత్తుకోవడం కుదరదు. అప్పుడు పర్యాటకులు దాని పక్కన నడిచే ఆట మొదలవుతుంది, అదీ కొద్దికాలమే. ఆపైన పెరిగిన సింహం ఎక్కడికి పోతుంది? అడవిలో వదిలే వీలు లేదు. మనిషి చేతి పాలు తాగి పెరిగిన సింహానికి మనిషంటే భయం ఉండదు, వేట రాదు, గుంపు ఉండదు. వదిలితే ఊళ్ల మీద పడుతుంది, లేదా చస్తుంది. కాబట్టి అది మళ్లీ ఈనే బోనుకు పోవాలి, లేదా కంచె లోపల వదిలి డబ్బు కట్టిన వేటగాడి తుపాకికి చూపించాలి. ఎముకలకు వేరే గిరాకీ ఉంది. 2017లో దక్షిణాఫ్రికా ప్రభుత్వం ఫారాల సింహాల అస్థిపంజరాలు 800 దాకా ఎగుమతి చేయొచ్చని కోటా ప్రకటించింది. అవి పోయేది ఆగ్నేయాసియాకు, పులి ఎముకల మందుకు బదులుగా. 2019లో అక్కడి హైకోర్టు 2017, 2018 కోటాలు చట్టవిరుద్ధమని తేల్చింది. 2021 మేలో, నిపుణుల కమిటీ నివేదిక ఆధారంగా, బందీ సింహాల పెంపకాన్ని ఆపేయాలన్న విధానాన్ని ప్రభుత్వమే ప్రకటించింది. ఉన్న వేల సింహాలను ఏం చేయాలన్నది మాత్రం ఒక్క ప్రకటనతో తెగేది కాదు.

ఈ గొలుసులో వాలంటీరు ఎక్కడున్నాడో చూడాలి. కూనను చంపింది అతను కాదు. కానీ ఆ కూన పుట్టడానికి కారణాల్లో అతను కట్టిన రుసుము ఒకటి. ఎత్తుకునేవాళ్లు ఉన్నంతకాలం ఎత్తుకోవడానికి కూనలు కావాలి. నిజమైన అనాథలు అన్ని దొరకవు కాబట్టి, అనాథలను తయారు చేస్తారు.

ఆసియాలోనూ ఇదే కథ నడిచింది. థాయిలాండ్‌లోని కాంచనబురిలో ఒక బౌద్ధ ఆలయం ‘పులుల గుడి’గా ప్రపంచమంతా పేరు పొందింది. సన్యాసుల పక్కన పడుకున్న పులితో ఫోటో దిగడానికి జనం బారులు తీరేవారు, విదేశీ వాలంటీర్లు వచ్చి పనిచేసేవారు. 2016లో వన్యప్రాణి అధికారులు నూరుకు పైగా పులులను అక్కడి నుంచి తరలించారు. ఆ సోదాల్లోనే ఒక ఫ్రీజర్లో 40 పులి కూనల కళేబరాలు దొరికాయి. పవిత్రమైన చోటు, కాషాయ బట్టలు, దయ గురించి మాటలు అన్నీ ఉన్నాయి. వాటిని నమ్మి వెళ్లినవాళ్లు చెడ్డవాళ్లు కారు. చూడాల్సింది చూడలేదు, అంతే.

ఏం చూడాలి? జంతువును ముట్టుకోనిస్తారా లేదా అన్నది ఒక్కటి చూస్తే ముప్పావు వంతు సంగతి తేలిపోతుంది. ఎంత దగ్గరికి రానిస్తే అంత గొప్ప చోటు అనుకోవడం సహజం. నిజానికి మంచి శరణాలయం వాలంటీరును జంతువుకు ఎంత దూరం ఉంచగలదో అంత దూరం ఉంచుతుంది. మన ఊళ్ల దగ్గరే దీనికి సాక్ష్యం ఉంది. మన్ననూరు నుంచి దోమలపెంట దాకా శ్రీశైలం రోడ్డు పక్కన కోతులు కూర్చుని ఉంటాయి. కారు ఆపి అరటిపండు, బిస్కెట్టు ఇచ్చిన ప్రతి భక్తుడూ పుణ్యం అనుకునే ఇచ్చాడు. ఫలితంగా అడవిలో కాయలు వెతుక్కునే గుంపు రోడ్డుకు దిగింది, బండ్ల కింద పడుతోంది, సంచులు లాక్కుంటోంది. ఊళ్ల మీద పడ్డ కోతుల బాధకు కారణాలు వేరేవీ ఉన్నాయి కానీ, మనిషి చేతిని చూసి పరుగెత్తుకొచ్చే అలవాటు మాత్రం మనిషి నేర్పిందే. సీసా పాలు తాగే సింహం కూనకు జరిగేదీ అదే.

ముట్టుకోవడంలో మనిషికీ ప్రమాదమే. 2025 జనవరిలో థాయిలాండ్‌లో ఏనుగుకు స్నానం చేయిస్తున్న 22 ఏళ్ల స్పెయిన్ విద్యార్థిని ఆ ఏనుగు దాడిలోనే చనిపోయింది. ఏనుగుతో నీళ్లలో దిగడం స్వారీ కంటే దయగల పని అని చాలామంది నమ్ముతారు. కానీ రోజూ కొత్త మనుషులు వచ్చి ఒళ్లు రుద్దుతుంటే కదలకుండా నిలబడాలంటే, ఆ ఏనుగును చిన్నప్పుడు ఎవరో కొట్టి లొంగదీసి ఉండాలి.

రెండో ప్రశ్న: అక్కడ పిల్లలు పుడుతున్నాయా? తిరిగి అడవికి పంపే పక్కా పథకం లేనప్పుడు శరణాలయంలో పిల్లలు పుట్టకూడదు. పుట్టే ప్రతి పిల్లా ఇంకొక జీవితఖైదీ. ఉగాండాలో విక్టోరియా సరస్సు మధ్య ఎన్‌గాంబ దీవిలో 1998 నుంచి చింపాంజీల శరణాలయం నడుస్తోంది. అక్కడ ఆడ చింపాంజీలకు గర్భనిరోధక సాధనాలు అమరుస్తారు. చోటు, తిండి ఇంకా కాపాడాల్సిన వాటికి ఉంచాలన్నది వాళ్ల లెక్క. జాంబియాలోని చింఫున్షీ మొదలైన తీరు ఇంకా ఆసక్తికరం. పశువుల ఫారం నడుపుకునే ఒక దంపతుల దగ్గరికి 1983లో వన్యప్రాణి శాఖ ఉద్యోగి ఒకరు గాయపడిన చింపాంజీ పిల్లను తెచ్చి ఇచ్చారు. దాన్ని బతికించారు. ఆ తర్వాత ఒకటొకటిగా వచ్చి చేరి, ఆ ఫారమే ఆఫ్రికాలోని పెద్ద చింపాంజీ శరణాలయాల్లో ఒకటైంది. ఆఫ్రికా శరణాలయాలకు 2000లో ఏర్పడిన ‘పాసా’ (పాన్ ఆఫ్రికన్ శాంక్చురీ అలయన్స్) అనే కూటమి ఉంది. ప్రపంచవ్యాప్తంగా శరణాలయాలను పరిశీలించి గుర్తింపు ఇచ్చేది 2007లో మొదలైన జీఎఫ్‌ఏఎస్ (గ్లోబల్ ఫెడరేషన్ ఆఫ్ యానిమల్ శాంక్చురీస్). వ్యాపారం కోసం పిల్లలను పుట్టించడం, కొనడం, అమ్మడం వీటి నియమాలకు విరుద్ధం. ఒక కేంద్రం పేరు వీటి జాబితాల్లో ఉందో లేదో ఫోన్లో ఐదు నిమిషాల్లో చూసుకోవచ్చు. జాబితాలో లేనిదల్లా చెడ్డదని కాదు, అప్పుడు అడగాల్సిన ప్రశ్నలు ఎక్కువ, అంతే.

మూడో ప్రశ్న తక్కువమంది అడుగుతారు: వాలంటీరు రాకపోతే ఆ పని ఎవరు చేసేవారు? కెన్యాలో అనాథ ఏనుగులను సాకడంలో ఎంతో పేరున్న షెల్డ్రిక్ ట్రస్టు, ఆ పనికి బయటి వాలంటీర్లను తీసుకోదు. కెన్యా మనుషులకే జీతమిచ్చి పెట్టుకుంటుంది. ఏనుగు పిల్లకు వారానికో కొత్త ముఖం కాక ఏళ్ల తరబడి అదే మావటి కావాలి, ఆ జీతంతో అక్కడి కుటుంబాలు బతకాలి. నల్లమలలో చెంచులు వాచర్లుగా, ట్రాకర్లుగా పనిచేస్తున్నారు. రేపు ఎవరో విదేశీయులు డబ్బు కట్టి ఆ పని చేస్తామంటే, ఆ చెంచు కుటుంబం నోటి దగ్గరి కూడు ఏమవుతుంది? ఉగాండాలోనో, బొలీవియాలోనో పనికి పోయేవాళ్లు ఆ ప్రశ్ననే అటు తిప్పి అడుక్కోవాలి. స్థానికులకు జీతాలిస్తూ, వాళ్ల చేతికింద సాయంగా వాలంటీర్లను పెట్టే చోటు మంచిది.

ఇన్ని దాటాక మిగిలిన మంచి చోట్ల చేసే పని ఏమిటి? పొద్దున్నే పండ్లు, కూరగాయలు కడిగి తరగడం, మేత కోసి మోయడం, దొడ్లు ఊడవడం, నీటి తొట్లు తోమడం, కంచె తీగ ఎక్కడ తెగిందో చూడడం, ఏ జంతువు ఎంత తిన్నది, ఎంత వదిలింది, పేడ ఎలా ఉందో పుస్తకంలో రాయడం. బోనులో కోతికి పొద్దుపోవడానికి వెదురు గొట్టంలో గింజలు దాచిపెట్టి ఇవ్వడం కూడా పనే. పాలమూరు రైతు ఇంట్లో పుట్టిన పిల్లకు ఇందులో సగం చిన్నప్పుడే వచ్చు. జొన్న చొప్ప కట్టలు కట్టి, కొట్టం ఊడ్చి, ఈనిన బర్రె పక్కన రాత్రి మేలుకున్న చేతులకు ఈ పని బరువు కాదు. మాట రాని జీవానికి ఒంట్లో బాగా లేదని, అది నెమరు మానేసినప్పుడే పసిగట్టే చూపు గొర్లు కాసే ఇళ్లలో తాతల నుంచి వస్తోంది. నగరం నుంచి వచ్చిన వాలంటీరు నెలంతా పడినా అందని చూపు అది. దరఖాస్తులో డిగ్రీ, ఇంగ్లీషు గురించి నాలుగు వాక్యాలు రాసి, ఇంట్లో నలభై గొర్లు ఉన్నాయన్న సంగతి దాచుకునేవాళ్లు తమకున్న పెద్ద అర్హతను దాచుకుంటున్నారు. అది ముందు రాయాలి.

ఇక ఒంటి సంగతి. కోతిజాతి జంతువులున్న చోట వాలంటీరు ఆరోగ్యం గురించి కఠినంగా అడుగుతారు, అడగాలి కూడా. మనకు రెండు రోజుల జలుబు అయ్యేది వాటికి ప్రాణాంతకం. 2013లో ఉగాండాలోని కిబాలే అడవిలో, మనుషులకు జలుబు తెచ్చే రైనోవైరస్-సి ఒక చింపాంజీ గుంపులో ఐదింటి ప్రాణం తీసింది. అందుకే క్షయ లేదని రుజువు కావాలంటారు. ఇక్కడ మనవాళ్లకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. మన దేశంలో పుట్టగానే బీసీజీ టీకా వేస్తారు. ఆ టీకా వల్ల చర్మం మీద చేసే మాంటూ పరీక్షలో, జబ్బు లేకున్నా ఉన్నట్టు వాపు రావచ్చు. అలా వచ్చిందని కంగారు పడక్కర్లేదు, దాచనూ కూడదు. బీసీజీ ప్రభావం పడని రక్తపరీక్ష ఇగ్రా ఉంది, ఛాతీ ఎక్స్‌రే ఉంది. మాంటూ బదులు ఇగ్రా సరిపోతుందా అని ఆ కేంద్రాన్ని ముందే రాసి అడిగితే ఆఖరి నిమిషంలో ప్రయాణం ఆగదు.

ఉగాండా, కెన్యా లాంటి దేశాలకైతే ఎల్లో ఫీవర్ టీకా తప్పదు. ఇది ప్రతి ఆస్పత్రిలో వేసేది కాదు, అనుమతి ఉన్న కేంద్రాల్లోనే వేస్తారు. హైదరాబాదులో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అలాంటిదే. టీకా వేసినట్టు ఇచ్చే పసుపు కార్డు, వేసుకున్న పదో రోజు నుంచే చెల్లుతుంది. ఒకసారి వేసుకుంటే జీవితాంతం చాలు. కార్డు లేకుండా ఆ దేశాల నుంచి తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆరు రోజుల దాకా క్వారంటైన్లో పెట్టవచ్చు. రేబిస్ ముందస్తు టీకాలు కూడా వేసుకోవడం మంచిది. వేసుకున్నా, కరిచాక మళ్లీ డోసులు తప్పవని మరువకూడదు. ప్రయాణ బీమా తీసుకుంటే, జంతువులతో పనిచేస్తూ గాయపడితే వర్తిస్తుందా అన్న వాక్యం వెతికి చదవాలి.

వీసా దగ్గర జరిగే మోసం గల్ఫ్ ఏజెంట్లను చూసిన ప్రాంతానికి వెంటనే అర్థమవుతుంది. విజిట్ వీసా మీద పంపి పనిలో పెట్టడం పాత కథే. ‘జీతం లేదు కదా, టూరిస్టు వీసా చాలు’ అని చెప్పేవాళ్లు ఇక్కడా ఉన్నారు. థాయిలాండ్ చట్టం ప్రకారం జీతం లేకపోయినా పని పనే. అనుమతి లేకుండా చేస్తే 5,000 నుంచి 50,000 బాత్‌ల దాకా జరిమానా, ఆపైన దేశం నుంచి పంపించేస్తారు. బ్రిటన్‌లో స్వచ్ఛంద పనికి విడిగా ఒక వీసా ఉంది. ఏ దేశమైనా సరే, ఏ వీసా మీద రమ్మంటున్నారో ఆ కేంద్రం చేతే రాతపూర్వకంగా చెప్పించుకోవాలి. సూటిగా రాయని చోటు జంతువుల విషయంలోనూ సూటిగా ఉండదన్న అనుమానం పెట్టుకోవడం మేలు.

ఎంతకాలం వెళ్లాలన్నది కూడా పట్టించుకోవాల్సిందే. రెండు వారాలకు పోతే మొదటి వారం దారులు, నియమాలు తెలుసుకోవడానికే సరిపోతుంది. ఆ వారం నేర్పే మనిషి సమయం జంతువుల నుంచి తీసుకున్నదే. రెండు మూడు నెలలు ఉండగలిగినవాళ్ల వల్లే నిజమైన ఉపకారం. అంత సెలవు, అంత డబ్బు లేనివాళ్లకు విదేశమే అక్కర్లేదు. ఒకప్పుడు మన ఊళ్లలో ముక్కుకు తాడు వేసి గుడ్డెలుగును ఆడించుకుంటూ తిరిగేవాళ్లు. పెద్దవాళ్లను అడిగితే చెబుతారు. 2009లో దేశంలో అలా ఆడించే ఎలుగుల్లో ఆఖరిదాన్ని దాని యజమాని అప్పగించాక ఆ ఆట ముగిసింది. అలా విడిపించిన వాటి కోసం ఆగ్రాలో, బెంగళూరు బన్నేరుఘట్టలో శరణాలయాలు నడుస్తున్నాయి. విదేశాలకు పోయి వెతికే అనుభవం రైలు టికెట్టు దూరంలో ఉంది.

అడవే కావాలనుకున్నవాళ్లకు నల్లమల ఉండనే ఉంది. దేశమంతటా నాలుగేళ్లకోసారి జరిగే పులుల గణనలో 2026 విడతకు తెలంగాణ అటవీశాఖ మామూలు జనం నుంచి కూడా వాలంటీర్లను పిలిచింది. రోజుకు 10 నుంచి 15 కిలోమీటర్లు అడవిలో నడవగలగాలన్నది షరతు. పులి కనబడడం అరుదు. కనబడేది అడుగుజాడ, చెట్టు మీద గోటి గీత, ఎండిన లద్దె. వాటిని గుర్తు పట్టి ఫోన్లో నమోదు చేయాలి. పక్కన నడిచే చెంచు వాచర్ మాత్రం జాడ అంచు ఎంత చెదిరిందో చూసి, రాత్రి పోయిందా, తెల్లవారి పోయిందా చెబుతాడు. గణన లేని ఏడాది కూడా పని ఆగదు. మార్చి నుంచి మే దాకా వాగులు ఎండుతాయి, జంతువులు తాగడానికి కట్టిన సాసర్ పిట్లలో (పళ్లెం లాంటి నీటిగుంటల్లో) ట్యాంకర్లతో నీళ్లు నింపాలి, మంటలు పాకకుండా ఖాళీగా ఉంచే ఫైర్‌లైన్ల మీద ఎండుటాకు ఊడవాలి, శ్రీశైలం రోడ్డు పక్కన ప్లాస్టిక్ ఏరాలి. ఈ పనుల్లో సాయం చేస్తామని మన్ననూరులోని అటవీశాఖ కార్యాలయంలో అడగడానికి రుసుము లేదు, వీసా లేదు. విదేశంలో దొడ్డి పుస్తకం రాయడం నేర్చుకుని వచ్చిన చేతులకు ఇక్కడ నీటిగుంటల పుస్తకం రాసే పని ఉంది.